పరుగుకు రాని గుర్రం, బరిలో దిగని కోడి

కృష్ణా డెల్టాలో పెరిగినవాడికి బరి గురించి కొత్తగా చెప్పేదేమీ ఉండదు. పుంజు రంగు, కత్తి కట్టేవాడి చేతివాటం, జత కుదిరే ముందు రెండు పక్షాలూ ఎదుటి కోడిని తేరిపార చూసుకోవడం భవానీపురం కుర్రాడికీ తెలుసు, ఈడుపుగల్లు రైతుకీ తెలుసు. అందరూ చూస్తున్నా ఎవరూ పెద్దగా పట్టించుకోనిది మాత్రం ఒకటుంది: పై పందెం. యజమానులు ఒప్పుకున్న అసలు పందెం ఒకటైతే, బరి చుట్టూ నిలబడ్డ జనం తమలో తాము వేసుకునేది పై పందెం. ఒకడు డేగ రంగు పుంజు మీద వెయ్యి అంటాడు. ఎదుటివాడు ఎనిమిది వందలకైతే సరే అంటాడు. మాట కలిస్తే పందెం కుదిరినట్టే. మధ్యలో ధర పెట్టే బుకీ ఉండడు. నిర్వాహకుడు తన వాటాను గెలిచినవాడి సొమ్ములోంచి తీసుకుంటాడు.

2000లో ఆండ్రూ బ్లాక్, ఎడ్వర్డ్ రే ఇంగ్లండులో మొదలుపెట్టిన బెట్‌ఫెయిర్ ఎక్స్ఛేంజి పద్ధతి కూడా అచ్చం ఇదే. ఫలానా గుర్రం గెలుస్తుందనేవాడు దాన్ని బ్యాక్ చేస్తాడు, గెలవదనేవాడు లే చేస్తాడు. ఇద్దరి ధరా కలిసినచోట పందెం కుదురుతుంది. సంస్థ ఎవరి పక్షానా డబ్బు పెట్టదు, గెలుపులోంచి కమిషన్ తీసుకుంటుంది. బరిలో ముఖాముఖి కూతలతో జరిగేది అక్కడ తెర మీద అంకెలతో జరుగుతుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలనిపించింది ఈ చుట్టరికం వల్లనే.

ఏ పందెం పద్ధతి స్వభావమైనా బాగా బయటపడేది జంతువు ఆఖరి నిమిషంలో తప్పుకున్నప్పుడు. గుర్రానికి పొద్దున కాలు నొప్పి చేయవచ్చు, పశువైద్యుడు వద్దనవచ్చు. పోటీ మొదలవడానికి నిమిషం ముందు అది స్టాల్‌లోకి వెళ్లనని మొరాయించవచ్చు. అలాగే బరి దగ్గరికి తెచ్చిన పుంజు డీలాగా కనిపిస్తే యజమాని వెనక్కి తీసుకుపోవచ్చు.

బరిలో ఉన్నవి రెండే కోళ్లు. ఒకటి దిగకపోతే పందెమే లేదు, ఎవరి డబ్బు వాళ్లకు వెళ్తుంది. బదులుగా మరో కోడిని తెస్తే అది కొత్త జత, కొత్త ధర, కొత్త మాట. ఇంతకు ముందు డేగ మీద వెయ్యి అన్నవాడు ఇప్పుడు నోరు మెదపకుండా నిలబడవచ్చు, అతన్ని ఎవరూ తప్పుపట్టరు. ఎక్స్ఛేంజిలో కూడా పరుగుకు రాని గుర్రం మీద వేసిన పందేలన్నీ రద్దవుతాయి. అక్కడిదాకా రెండూ ఒకటే. అయితే పోటీలో ఇంకా ఏడో, తొమ్మిదో గుర్రాలు మిగిలి ఉంటాయి, వాటి మీద కుదిరిన పందేలు బతికే ఉంటాయి. పోటీదారు ఒకరు తగ్గారు కాబట్టి మిగిలినవాటి అవకాశం పెరిగింది. పాత ధరలనే ఉంచితే లే చేసినవాడు అన్యాయంగా నష్టపోతాడు. అందుకే ప్రతి గుర్రానికీ ఒక తగ్గింపు శాతం ముందే కట్టి ఉంచుతారు.

ఆ లెక్క అందం చూడండి. 8.0 ధరకు 100 రూపాయలు వేశారనుకుందాం. గెలిస్తే అసలుతో కలిపి 800. 25 శాతం తగ్గింపు ఉన్న గుర్రం తప్పుకుంటే ధర 6.0 అవుతుంది, చేతికొచ్చేది 600. అలాంటిదే మరొకటి తప్పుకుంటే 4.5. తగ్గింపు 2.5 శాతానికి లోపు ఉన్న గుర్రం పోతే గెలుపు మార్కెట్‌లో ధరలను ముట్టుకోరు. బ్రిటిష్ బుకీలు పాటించే టాటర్‌సాల్స్ నాలుగో నియమం ఇంకో దారి పట్టింది. 3/1 గుర్రం తప్పుకుంటే పౌనుకు 25 పెన్నీల కోత, అదీ లాభంలోంచి మాత్రమే. ఆ లెక్కన మన 700 లాభం 525 అవుతుంది, అసలుతో 625. ఎక్స్ఛేంజిలో మొత్తం ధర నుంచే కోస్తారు కాబట్టి 600. ఎక్స్ఛేంజి లెక్కే సరైనదని నా అభిప్రాయం. గెలుపు అవకాశాలు నూటికి నూరుగా పంచి ఉన్నచోట పాతిక పోతే మిగిలిన డెబ్బై అయిదును మళ్లీ నూరు చేయాలి. అన్ని ధరలనూ 0.75తో గుణిస్తే సరిగ్గా అదే జరుగుతుంది.

ఇందులో ఇంకో మెచ్చదగ్గ గుణం ఉంది. ఒకడు 8.0 దగ్గర 100 బ్యాక్ చేసి, ధర 5.0కు దిగాక అదే గుర్రాన్ని 160 లే చేశాడు. గెలిచినా ఓడినా అతనికి 60 మిగులుతుంది. పాతిక శాతం కోత పడితే ధరలు 6.0, 3.75 అవుతాయి. గెలిస్తే 500 వస్తుంది, 440 పోతుంది. ఓడితే 160 వస్తుంది, 100 పోతుంది. మళ్లీ అదే 60. ఒకే గుర్రం మీద రెండు వైపులా సరితూగేలా నిలబడ్డవాణ్ణి చివరి నిమిషపు అలజడి తాకదు. కాగా ఒక గుర్రాన్ని నమ్ముకుని, రక్షణగా రెండో గుర్రం మీద కూడా వేసినవాడి గతి వేరు. ఆ రెండోది తప్పుకుంటే రక్షణకు పెట్టిన సొమ్ము వెనక్కి వస్తుంది, రక్షణ మాత్రం పోతుంది. చేతిలో మిగిలిన ఒక్క గుర్రం ధర కూడా కోతకు గురై ఉంటుంది. ఈ పందెం అతను కోరుకున్నది కాదు, అయినా అందులోనే ఉన్నాడు.

నాకు ఎక్స్ఛేంజి మీద గట్టి అభ్యంతరం మొదలయ్యేది ఇక్కడే. తగ్గింపు శాతం అన్ని గుర్రాలకూ ఒకే పాళ్లలో లాభం పంచుతుంది. పోటీ అలా పంచదు. తప్పుకున్నది మొదటి అడుగు నుంచీ ముందుండి వేగం పెంచే గుర్రం అనుకోండి. దానితోపాటు ముందుకు దూకే అలవాటున్న మరో గుర్రానికి ఇప్పుడు అడ్డులేదు, నింపాదిగా ముందుండి పోటీని తన చేతిలోకి తీసుకోవచ్చు. చివర్లో పుంజుకునే గుర్రానికి మాత్రం అదే దెబ్బ. ముందువి ఒకదాన్నొకటి అలసగొట్టుకుంటేనే దానికి దారి దొరికేది. మొదటిదాని అవకాశం ఎంతో పెరిగింది, రెండోదాని అవకాశం తగ్గినా తగ్గవచ్చు. రెండింటి మీద వేసిన పందేల్లోనూ పడ్డ కోత మాత్రం ఒకే పాతిక.

బరి దగ్గర ఈ సంగతి వేరుగా నేర్పక్కర్లేదు. కుక్కుట శాస్త్రం నమ్మేవాడు కాకి, డేగ, నెమలి అంటూ రంగులు చూస్తాడు, తిథివారాలు చూస్తాడు, ఏ రోజు ఏ రంగు దేని మీద గెలుస్తుందో లెక్క వేస్తాడు. ఆ లెక్కలు నిజమవుతాయని నేను అనను. వాటి వెనకున్న ఆలోచన మాత్రం గట్టిది: పుంజు బలం దాని సొంత ఆస్తి కాదు, ఎదురుగా నిలిచినదాన్ని బట్టి మారుతుంది. అందుకే ఎదుటి కోడి మారితే పాత ధరను సర్దుదామని ఎవరూ అనరు. మొదటి నుంచీ మాట్లాడుకోవాల్సిందే. గణితం తెలిసిన ఎక్స్ఛేంజి సౌకర్యం కోసం పక్కన పెట్టినదాన్ని పల్లెటూరి బరి వదలలేదు.

ఈ చిక్కే లేని మూడో దారి హైదరాబాదులోని మలక్‌పేట గుర్రప్పందేలలో ఉంది. ఆరో నిజాం కాలం నాటి ఆ పందేలలో టోటు పద్ధతి ప్రకారం డబ్బంతా ఒక రాశిగా పోసి గెలిచినవాళ్లకు పంచుతారు. గుర్రం తప్పుకుంటే దాని టిక్కెట్ల సొమ్ము వెనక్కి ఇస్తారు, మిగిలిన రాశి దానంతటదే సర్దుకుంటుంది. 2023 మే 6న కెంటకీ డెర్బీ రోజు పొద్దున, ముందస్తు అంచనాలో 3-1తో ఫేవరెట్‌గా ఉన్న ఫోర్టేను కాలి గాయం వల్ల తప్పించినప్పుడు జరిగింది కూడా అదే. చివరికి మేజ్ అనే గుర్రం 15-1 దగ్గర గెలిచింది. టోటులో ముందుగా ఒప్పుకున్న ధరంటూ లేదు కాబట్టి కోయడానికీ ఏమీ లేదు. ఆ భద్రత కోసం వదులుకోవాల్సింది ధర కుదుర్చుకునే హక్కును. బరికీ ఎక్స్ఛేంజికీ ప్రాణం ఆ హక్కే.

చివరి క్షణాల్లో ఇంకో తేడా కూడా ఉంది. గుర్రాన్ని స్టాళ్ల దగ్గర నుంచి వెనక్కి నడిపిస్తుండగా మైదానంలో ఉన్నవాడు కళ్లతో చూస్తాడు, ఇంట్లో తెర ముందు కూర్చున్నవాడికి ఆ దృశ్యం కొన్ని క్షణాలు ఆలస్యంగా అందుతుంది. మార్కెట్‌ను ఆపేలోపు ముందుగా చూసినవాడు మిగతా గుర్రాల పాత ధరలను అందుకుంటాడు. తగ్గింపు శాతం సరిగ్గా ఉంటే అతనికి ఒరిగేదేమీ లేదు. అది తక్కువగా కట్టి ఉన్నా, ఏ గుర్రానికి ఎక్కువ మేలు జరుగుతుందో అతనికి తెలిసినా లాభం అతనిదే. ఆ శాతాన్ని నిర్ణయించేది సంస్థే, పందెం వేసినవాడు కాదు. బరిలోనూ యజమానికి, కత్తి కట్టేవాడికి తెలిసినంత జనానికి తెలియదు. అయినా అందరూ ఒకే దూరం నుంచి ఒకే కోడిని చూస్తున్నారు, అనుమానమొస్తే చెయ్యి వెనక్కి తీసుకునే వీలుంది.

చట్టం మాట కూడా చెప్పుకోవాలి. 1996లో లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు గుర్రప్పందెం నైపుణ్యానికి సంబంధించిన ఆట అని తేల్చింది, మలక్‌పేట టోటు నడుస్తున్నది ఆ నీడలోనే. బరికి 1974 నాటి గేమింగ్ చట్టం, 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం రెండూ అడ్డమే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను కేంద్రం 2025లో చట్టం చేసి నిషేధించింది. పై పందెంలోని మాట నిలకడను నేను ఎంత ఇష్టపడినా, కాలికి కత్తి కట్టిన కోడి నెత్తురును ఇష్టపడలేను. ఎక్స్ఛేంజి గణితాన్ని మెచ్చుకోవడం, దానికోసం ఇళ్లు గుల్ల చేసుకోవడం కూడా వేరువేరు సంగతులు.

విచిత్రంగా రెండు పద్ధతులూ ఇప్పుడు ఒకదాని దారిలోకి మరొకటి వస్తున్నాయి. ఎక్స్ఛేంజిలో రెండు గుర్రాలను మాత్రమే ఎదురెదురుగా నిలిపి, ఏది ముందొస్తుందని వేసే పందేలు ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కటి పరుగుకు రాకపోయినా తగ్గింపు లెక్కలేమీ ఉండవు, పందేలన్నీ రద్దు. అది అక్షరాలా బరి నియమం. ఇక్కడేమో సంక్రాంతి బరుల్లో ఎక్కువ పోటీలు గెలిచినవారికి బుల్లెట్ బండ్లు, కార్లు బహుమతులుగా పెడుతున్నారు. రోజంతా సాగే పోటీల వరసలో ఒక జత చెడితే మిగిలిన అందరి గెలుపు అవకాశమూ మారిపోతుంది. జత తప్పిన పోటీని ఎవరి ఖాతాలో వేయాలి, వరసలో వెనకున్నవాడికి ఏం మిగులుతుంది అన్న తగువు అక్కడ పుట్టక తప్పదు. ఆ తగువుకు ఎక్స్ఛేంజి ఒక అంకె కట్టి జవాబు చెప్పింది. బరి ఇంకా నోటి మాటతోనే తేల్చుకోవాలి.