ఆరడుగుల బొమ్మ, లేని గడి

అంటురోగం వచ్చినప్పుడు సర్కారు జనంతో బొమ్మల్లో, రంగుల్లో, పట్టికల్లో మాట్లాడుతది. ఆ బొమ్మలు అందరివీ, వాటికి కులం లేదు అంటారు. ఈ వాదనను మేము ఒప్పుకోం. 2020లో కొవిడ్ కాలంలో జనం ముందుకొచ్చిన మూడు బొమ్మలను సింగరేణి సెంటినరీ కాలనీ ఉన్న రామగిరి నుంచి చదివి చూద్దాం.

మొదటిది ఆరడుగుల బొమ్మ. ఇద్దరు మనుషులు, నడుమ బాణం గీత, కింద 'సామాజిక దూరం పాటించండి' అన్న అక్షరాలు. దూరం మన వాడలకు కొత్తదా? బావి దగ్గర, హోటల్ గ్లాసు దగ్గర, గుడి మెట్ల దగ్గర తరతరాలుగా మనతో పాటింపజేసిందే కదా! రోగాన్ని ఆపేది శరీరాల మధ్య ఎడం. సమాజంలో ఎడం ఏ రోగాన్నీ ఆపదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చిలోనే 'భౌతిక దూరం' అనే మాటకు మారింది. ఇక్కడ మాత్రం పాత మాటే నడిచింది. పైగా బొమ్మలోని ఇద్దరికీ నిలబడే జాగ ఉన్నది. ఒక్క గదిలో ఐదుగురు పండుకునే ఇంటికి, గుంపుగా షిఫ్టుకు పోయే కాంట్రాక్టు కార్మికునికి, మోరీలు తీసే సఫాయి మనిషికి ఆ బొమ్మ ఏం చెప్పింది? తప్పు నీదేనని చెప్పింది.

రెండోది రంగుల పటం. 2020 మే నెలలో జిల్లాలన్నీ ఎరుపు, నారింజ, ఆకుపచ్చ జోన్లయినయి. జిల్లాకంతా ఒకటే రంగు. బాయి, ఊరు, వాడ అందులో కలిసిపోయినయి. 1854లో లండన్‌లో జాన్ స్నో కలరా చావులను ఇంటింటికీ గుర్తు పెట్టి పటం గీశాడు. బ్రాడ్ వీధి బోరింగు చుట్టే చావులు ముసురుకున్నాయని చూపగలిగాడు. లండన్ మొత్తానికి ఎర్ర రంగు పూస్తే ఆ బోరింగు కనిపించేదా?

మూడోది రోజువారీ బులెటిన్. జిల్లాల వారీగా కేసులున్నయి. చేసే పనికి గడి లేదు, కులానికి గడి లేదు. బులెటిన్‌లో వివరాలు చాలవని రాష్ట్ర హైకోర్టే 2020లో పలుమార్లు మందలించింది. అమెరికాలో ఆ ఏడాది జాతివారీ లెక్కలు బయటికొచ్చినయి కాబట్టే నల్లవాళ్ల చావులు ఎక్కువన్న సంగతి వాదనకు నిలిచింది. గడి లేనిచోట బాధ ఉంటది, రుజువు ఉండదు.

కులం రాస్తే వెలిని పెంచినట్టు కాదా అని మావాళ్లే అడుగుతారు. ఆ భయం నిజమే. 2020 మార్చిలో ఇండోనేషియా నుంచి వచ్చినవాళ్లు రామగుండంలో రైలు దిగి కరీంనగర్ పోయారు. వాళ్లకు కొవిడ్ తేలినంక రోగం ముచ్చట కాస్తా మతం ముచ్చటయింది. క్వారంటైన్ పేరుతో చేతుల మీద ముద్రలు పడ్డయి, ఇండ్లకు కాగితాలు అంటినయి. అవి మనిషిని పట్టిచ్చే గుర్తులు. మేము అడిగేది సర్కారును, కంపెనీని నిలదీసే పటం. ఏ వాడల ఎన్ని పరీక్షలు జరిగినయి? పర్మినెంటు కార్మికునికి దొరికిన మంచం కాంట్రాక్టు కార్మికునికి దొరికిందా? ఈ పటానికి పేర్లొద్దు, ఇంటి నంబర్లొద్దు. మనిషి దొరికిపోయేంత చిన్న అంకెలుంటే వాటిని కలిపే చూపాలె.

మరి ఆ పటం ఎవరు గీయాలె? 1900లో పారిస్ ప్రదర్శనకు డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ తన విద్యార్థులతో కలిసి నల్లజాతి భూమి, చదువు, పనుల లెక్కలను రంగుల పటాలుగా గీసి పంపాడు. అంతదాకా ఇతరులు లెక్కించిన జనం అక్కడ తన లెక్క తనే చెప్పుకున్నది.

రేపు ఇంకో రోగం వస్తది. అప్పుడు గోడకు అతికించే ముందు ఆ బొమ్మను సఫాయి పని చేసే అక్క ముందు పెట్టాలె. అందులో తన వాడ ఎక్కడున్నదో, తను చేయగలిగిన పని ఏమున్నదో ఆమెకు దొరకకపోతే ఆ బొమ్మ చెల్లదు. మళ్లీ గీయాల్సిందే.