నానిన మట్టి చెప్పే నిజం

నంద్యాల అవతల ఒక పల్లె రోడ్డు పని చేయిస్తున్న రోజుల్లో నా జీపులో రెండు పెట్టెలు ఉండేవి. ఒకదాంట్లో టేపు, మట్టి నమూనాల సంచులు. రెండోదాంట్లో హోమియో సీసాలు. మా తరం ఇంజినీర్లలో, టీచర్లలో, గుమాస్తాల్లో ఈ రెండో పెట్టె పిచ్చి చాలామందికి ఉండేది. పుస్తకం చూసి, లక్షణాలడిగి, తియ్యటి బిళ్ళలు పొట్లం కట్టి ఇచ్చేవాళ్లం. పైసా తీసుకోం కాబట్టి అదంతా పుణ్యం ఖాతాలోనే పడుతుందని నమ్మకం.

ఒకరోజు రచ్చబండ మీద కూర్చున్న పెద్దాయన అడిగాడు: "ఏం సార్, ఈ రోడ్లో కంకర కూడా మీ బిళ్ళల్లో మందు మాదిరేనా? ఉండాదనుకుంటే ఉన్నట్టేనా?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మర్నాడు ఆయన ముందే రోడ్డుకు గొయ్యి కొట్టించి, ఒక్కో పొరా టేపు పెట్టి చూపించాను. కంకర గొడవ అక్కడితో తీరింది. బిళ్ళలకు ఎక్కడ గొయ్యి కొట్టాలో మాత్రం తోచలేదు.

రోడ్డు ఖర్చు పైన కనిపించే తారులో ఉందనుకుంటారు జనం. ఆ లెక్క మొదలయ్యేది కింది మట్టి దగ్గర. దాని బలం తేల్చేది సీబీఆర్ పరీక్ష. దాదాపు వందేళ్ల కిందట కాలిఫోర్నియా రోడ్ల శాఖలో పుట్టింది. మట్టిని అచ్చులో దట్టించి, నాలుగు రోజులు నీళ్లలో ముంచి, ఆ తర్వాత 50 మిల్లీమీటర్ల ఇనుప కడ్డీని అందులోకి మెల్లగా దింపుతారు. గట్టి కంకర ఎంత ఎదురు నిలుస్తుందో, అందులో ఈ మట్టి నూటికి ఎంత నిలిచిందన్నదే లెక్క. నల్లరేగడి ఎండాకాలంలో గునపానికి లొంగదు. నానిందా, రెండో మూడో వస్తే గొప్ప. ఆ అంకె ఎంత తగ్గితే పైన పొరలు అంత మందం కావాలి, లేదా వేరే మట్టి తోలించాలి, సున్నమైనా కలపాలి. అంచనా పెరిగేది అక్కడే.

"వానలేడివి సార్ మన సీమలో? ఎండు మట్టికి లెక్కేస్తే ఒక పొర మిగుల్తాది కదా" అనేవాడు కాంట్రాక్టరు. బిందె నీళ్లకు కాచుకునే ఊళ్లో మట్టిని నాలుగు రోజులు నానబెట్టడం నాకూ మొదట్లో వింతగానే ఉండేది. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలు ఊళ్లోకి వచ్చింది. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాము కట్ట తెగింది. రోడ్డు అక్కరకు రావాల్సింది అలాంటి రోజునే. పరీక్ష అడిగేది కూడా ఆ రోజు గురించే.

బరువు లెక్కా అంతే. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు తగిలే దెబ్బ రెండింతలు కాదు, సుమారు పదహారింతలు. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు లారీలు తిరిగే దారులకు ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు.

రోడ్డులో మందం పెరిగితే బలం. హోమియోలో పలచబడితే బలమంటారు. 30 పొటెన్సీ అంటే ఒక వంతు మందును వంద వంతులయ్యేలా పలచబరచడం ముప్పైసార్లు. 1 పక్కన 60 సున్నాలు. పన్నెండోసారి దాటాక మూలపదార్థం అణువు ఒక్కటైనా మిగలడం కష్టమని రసాయనశాస్త్రం లెక్క. "ఏమీ లేనప్పుడు హానేముంది?" అని నేనే అనేవాణ్ణి.

హాని లేదన్నదీ రుజువు కావాల్సిన మాటే. 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పసిపిల్లలకు పళ్లొచ్చేటప్పుడు వాడే హోమియో మాత్రల్ని పరీక్షిస్తే, కొన్నింటిలో బెల్లడోనా లేబుల్‌పై రాసినదానికన్నా చాలా ఎక్కువ తేలింది. బెల్లడోనా మన ఉమ్మెత్తకు చుట్టం, విషం. మన దేశంలోనూ హోమియో మందులు 1940 నాటి ఔషధ చట్టం కిందే ఉన్నాయి. ఇంకా పలచబరచని మూల ద్రావణాల్లో, అంటే మదర్ టింక్చర్లలో, మందూ ఉంటుంది, ఆల్కహాలూ ఉంటుంది. కడపలో ప్రభుత్వ హోమియో వైద్య కళాశాలే ఉంది. అక్కడ ఏళ్ల తరబడి చదివిన డాక్టరుకు ఏ సీసా ఏమిటో తెలుస్తుంది. జీపులో పెట్టె పెట్టుకు తిరిగిన నాకు తెలిసింది లేబుళ్లే.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి చేశాను. నా బిళ్ళలతో తగ్గిన జ్వరాల్ని లెక్కపెట్టుకున్నాను. చాలా జ్వరాలు ఏ మందూ లేకుండా నాలుగు రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. అది ఎండు మట్టి. డెంగీ నానిన మట్టి. ఆ రోజు రోగిని ఆసుపత్రికి పంపకుండా పొట్లం కడితే, బిళ్ళలో ఏమీ లేకపోవడమే ప్రమాదం. కాంట్రాక్టరుకు నేను ఒప్పుకోని లెక్క, నా పెట్టె విషయంలో నేనే వేసుకున్నాను.

పెట్టె ఇంకా అటక మీదే ఉంది. పాత అలవాటుకొద్దీ ఎవరైనా వస్తే, జ్వరం ఎన్నాళ్లనుంచి అని అడుగుతాను. మూడో రోజంటే చీటీ మీద ఒకటే రాస్తాను: రక్తపరీక్ష.