ధర్మవ్యాధుని అంగడి

వైరాగ్యాన్ని గురించి మన దేశంలో జరిగే బోధలో అధికభాగం దాని అవసరమే లేనివాళ్లకు అందుతున్నది. ఆస్తి వున్నవానికి మమకారం వదలమని చెప్పేటప్పుడు బోధకుని గొంతు మెత్తబడుతుంది. కూలి పెంచమన్నవానికి ఫలాపేక్ష తగదని చెప్పేటప్పుడు అదే గొంతు గట్టిపడుతుంది. ఇది చూచి విసిగిన మన మిత్రులు కొందరు ధర్మం, వైరాగ్యం అన్న మాటలనే గిరవాటు వేయాలంటున్నారు. నేను ఆ తొందరతో ఏకీభవించలేను. ఈ మాటల్లో ఎంత సత్యమున్నదో, ఎంత మోసమున్నదో తేల్చుకోవడానికి ప్రాచీన సాహిత్యమే మంచి సాక్ష్యం. అందుకు అరణ్యపర్వంలోని ధర్మవ్యాధుని కథను తీసుకుంటున్నాను. నన్నయ విడిచిన ఆ పర్వశేషాన్ని 14వ శతాబ్దంలో పూరించిన ఎఱ్ఱన దీన్ని తెలుగువాళ్ల కథగా చేశాడు.

కథ అందరికీ తెలిసిందే. కౌశికుడనే తపస్వి తనమీద రెట్ట వేసిన కొంగను కోపంతో చూస్తాడు. అది చచ్చి పడుతుంది. తరువాత వొక ఇంటికి భిక్షకు పోతాడు. ఆ ఇల్లాలు ఆకలితో వచ్చిన భర్తకు అన్నం పెట్టి, ఆలస్యంగా భిక్ష తెస్తుంది. ముని మండిపడతాడు. తాను కొంగను కానని ఆమె జవాబు చెప్పి, ధర్మం తెలుసుకోవాలంటే మిథిలలోని వ్యాధుణ్ణి అడగమంటుంది. వెళ్లి చూస్తే ఆ జ్ఞాని మాంసం అమ్ముతూ కనిపిస్తాడు.

ఇంతవరకు ఈ కథ చేసిన పని సామాన్యమైంది కాదు. సంసారం వదిలి, వేదం చదివి, తపస్సు చేసినవానికి కోపం మాత్రం వదలలేదు. వంటింటి చాకిరీలో వున్న స్త్రీకి ఆ లోపం మొదటి చూపులోనే తెలిసింది. అంతకంటె పెద్ద దెబ్బ కథ చివర వున్నది. కౌశికుడు చదువుకోసం ముసలి తల్లిదండ్రులను వదిలి వచ్చాడనీ, వాళ్లు ఆ దుఃఖంతో గుడ్డివాళ్లయినారనీ వ్యాధుడు బయటపెడతాడు. తన ఇంట్లో మాత్రం తల్లిదండ్రులను చక్కగా కూర్చోబెట్టి, వీళ్లే నా దేవతలని చూపిస్తాడు. ఇతరుల భుజాలమీద బరువు పడవేసి సంపాదించిన వైరాగ్యం వైరాగ్యం కాదు, బాధ్యత ఎగవేత. ఈ మాట చెప్పించడానికి కవి ఆశ్రమవాసిని కాక అంగడివాణ్ణి ఎన్నుకున్నాడు. నడవడి మంచిదైతే శూద్రుణ్ణయినా బ్రాహ్మణుడిగానే ఎంచుతానని కౌశికుని చేతనే ఒప్పించాడు. దీన్ని మన సంప్రదాయంలోని ప్రజాస్వామిక అంశంగా గుర్తించకపోతే మన విమర్శ గుడ్డిదవుతుంది.

అయితే సనాతనులు సంతోషించనక్కరలేదు. కథకు రెండవ ముఖమున్నది. ఇటువంటి పని నీకు తగునా అని ముని అడిగితే, ఇది మా తాతతండ్రులనాటి వృత్తి, నా కులధర్మం అంటాడు వ్యాధుడు. హింస లేని బ్రతుకు లేదనీ, నాగలి దున్నితే నేలలోని ప్రాణులెన్నో చస్తాయనీ చెప్పిన వాదంలో వాస్తవికత వున్నది. కాని దానినుండి తేల్చిన ఫలితమేమిటి? పుట్టిన వృత్తిలోనే వుండిపో అని! శ్రమను గౌరవించిన నోటితోనే శ్రమజీవికి కంచె వేశాడు.

మూలంలో మరొక మాట వున్నది. దాన్ని మన పౌరాణికులు గబగబా దాటిపోతారు. వ్యాధుడు తాను జంతువులను చంపడు, మాంసం తినడు. ఇతరులు చంపినదాన్ని అమ్ముతాడు. అంటే అతని అహింస నిలవడానికి కూడా చంపే చేతులు మరొకరివి కావాలి. ఆ చేతులు ఎవరివో కథ చెప్పదు, వాళ్లకు ధర్మబోధ చేసే అర్హత ఇవ్వదు. వ్యాధుని కింద మరొక మెట్టు వున్నదన్నమాట. శుచిత్వం మన సమాజంలో ఎప్పుడూ ఇలాగే నిలిచింది: పైవాని చేయి శుభ్రంగా వుండాలంటే కిందివాని చేయి మైలపడాలి.

చివరకు కవికే భయం వేసినట్లున్నది. మాంసం అమ్మేవానికి ఇంత జ్ఞానమా? దానికి పూర్వజన్మ కథ అడ్డుపెట్టారు. అతడు వెనుకటి జన్మలో వేదవేత్త అయిన బ్రాహ్మణుడట. రాజుతో చెలిమి చేసి వేటకు పోయి, బాణంతో వొక ఋషిని గాయపరచి శాపం పొందాడట. నడవడితో గెలిచిన గౌరవాన్ని ఇలా తిరిగి పుట్టుకకే జమకట్టారు. ఆ ఇల్లాలికైతే అటువంటి కథ కూడా లేదు. ఆమె జ్ఞానమంతా భర్తృసేవ ఖాతాలో పడింది.

వివేకానందుడు 1896లో వెలువడిన కర్మయోగంలో ఈ కథనే చెప్పాడు. శాపం కథను వదిలివేశాడు; ఏ పనీ నీచం కాదన్నాడు. అది ఆనాటికి పెద్ద అడుగే. కాని ఆయన వ్యాధుడు కూడా పుట్టుక తనను ఈ స్థితిలో వుంచిందనే అంటాడు. ఆ స్థితిని ప్రశ్నించడు. అనాసక్తి పనిలోని అహంకారాన్ని కడిగింది గాని, పనిని పంచిన వ్యవస్థను తాకలేదు.

1950లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం 19వ అధికరణంలో ఏ వృత్తినైనా చేపట్టే హక్కు పౌరునికి ఇచ్చింది. కులధర్మానికి చట్టం చెప్పిన సమాధానమది. కాని మురుగుకాలువలోకి దిగే పని ఈనాటికీ ఎవరి పిల్లల వంతు అవుతున్నదో మనకు తెలుసు. వాళ్లకు ఏ పనీ నీచం కాదని బోధించడం సులభం. ఆ బోధ చేసేవాడు తన కొడుకును ఆ పనికి పంపుతాడా అన్నదే నా ప్రశ్న.

ధర్మాన్ని, వైరాగ్యాన్ని నేను తోసిపుచ్చడం లేదు. వాటిని ఎవరికి బోధించాలన్నదే నా తగాదా. పుట్టుక ఇచ్చిన గొప్పమీద, ఇతరుల శ్రమవల్ల వచ్చిన సొత్తుమీద మమకారం వదలడం వైరాగ్యం. తన శ్రమఫలం తనకు కావాలనడం ఆశ కాదు, ధర్మం. కౌశికుడు తన తపోగర్వం వదిలి తల్లిదండ్రుల దగ్గరకు తిరిగి వెళ్లాడు. కథలో వైరాగ్యం నిజంగా అవసరమైనవాడు అతడే, దాన్ని సాధించినవాడూ అతడే. వ్యాధుడు మాత్రం ఆ అంగడిలోనే వుండిపోయాడు. అతణ్ణి అక్కడే వుంచి దండం పెట్టడం మన పూర్వులు చేసిన పని. ఆ అంగడిలో వుండాలో, వదలాలో అతనే నిర్ణయించుకోగల సమాజాన్ని నిర్మించడం మనం చేయవలసిన పని.