కుందేలు కథలో లేని మనిషి

కడపలోగానీ కర్నూలులోగానీ బస్టాండు దాటి నాలుగు వీధులు తిరిగితే "పుత్తూరు కట్టు" అని రాసిన బోర్డు ఒకటి కనపడుతుంది. అసలు పుత్తూరు ఇప్పటి తిరుపతి జిల్లాలో ఉంది. అక్కడి రాజుల కుటుంబాలు తరతరాలుగా విరిగిన ఎముకలకు కట్లు కడుతున్నాయి. ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు దబ్బలు, గుడ్డ పీలికలు వాళ్ళ సరంజామా. ఈ వైద్యం ఎట్లా పుట్టిందో చెప్పే కథ రాయలసీమలో చాలామందికి తెలుసు. వేటకు పోయిన రాజుగారు ఒక కుందేలును కొట్టి, చేతికందిన ఆకుల్లో చుట్టి ఇంటికి తెచ్చాడు. మూట విప్పితే కుందేలు లేచి పరుగెత్తింది. ఏ ఆకు తగిలి ఎముక అతుక్కుందో వెతికి పట్టుకున్నారు. వైద్యం మొదలైంది.

తెలుగు వాచకంలో కథ చదివినట్టే దీన్నీ చదవాలని నా ఉద్దేశం. కథలో ఎవరున్నారో చూస్తాం కదా, ఎవరు లేరో కూడా చూడాలి. ఇందులో అడివి ఉంది, జంతువు ఉంది, ఆకు ఉంది. అడివిలో ఉండే మనిషి మాత్రం లేడు. ఆకును గుర్తించినవాడు బయటినుంచి వేటకు వచ్చినవాడు. పుత్తూరువాళ్ళు ఎవరి దగ్గరో దొంగిలించారని నేను అనడం లేదు. అట్లా అనడానికి ఆధారం లేదు, వాళ్ళ చేతి పనితనం వాళ్ళదే. నేను మాట్లాడేది కథ చేసే పని గురించి. ఒక విద్యకు పుట్టుక కథ ఉంటే దానికి యజమాని ఏర్పడతాడు. యజమాని ఉంటే ఊరి పేరు వస్తుంది, ఊరి పేరు వస్తే బోర్డు వస్తుంది.

మా చెంచుగూడేల్లో కట్టు కట్టే ముసలివాళ్ళకు అటువంటి కథ లేదు. "అబ్బా, ఇది ఎవరు కనిపెట్టినారు?" అని అడిగితే మా అబ్బ కథ చెప్పలేదు, వెదురు తెచ్చి దబ్బలు చీల్చి చూపించాడు. ఎంత మందం ఉండాలి, కణుపు ఎక్కడ రావాలి, చర్మానికి కోసుకోకుండా అంచు ఎట్లా గీకాలి, అంతే. కథ లేనందువల్ల మా పనికి దక్కిన పేరు "నాటు వైద్యం". ఈ నాటు అనే మాట చూడండి. నాటుకోడి అంటే బజారులో ధర ఎక్కువ. నాటు వైద్యం అంటే పత్రికలో తిట్టు.

సంస్కృతంలో రాసిపెట్టినందువల్ల అదే పని శాస్త్రం అయిన సందర్భం కూడా మన కళ్ళముందే ఉంది. సుశ్రుత సంహిత నిదాన స్థానంలో ఎముక విరగడాన్ని 12 రకాలుగా, కీలు తొలగడాన్ని 6 రకాలుగా విడదీశారు. చికిత్సా స్థానం 3వ అధ్యాయంలో కట్టుకు ఏ చెట్ల బెరడు, చెక్క వాడాలో పేర్లు ఉన్నాయి: ఇప్ప, మేడి, రావి, మోదుగ, తెల్లమద్ది, వెదురు, మర్రి. ఈ పేర్లు చదివినప్పుడు నాకు గ్రంథం చదివినట్టు అనిపించలేదు. బైర్లూటి దారిలో నడిచినట్టు అనిపించింది. ఉపాధ్యాయ మిత్రులు సుశ్రుతుణ్ణి "శస్త్రచికిత్స పితామహుడు" అని ఒక మార్కు ప్రశ్నగా చెప్పి ఊరుకుంటారు. ఈ చెట్ల జాబితా చెబితే మా పిల్లలు ఆ పాఠంలో తమ అడివిని గుర్తుపట్టేవాళ్ళు.

అదే అధ్యాయంలో ఇంకో మాట ఉంది, అది మన పెద్దలకూ మన రచయితలకూ గట్టిగా వినిపించాల్సిన మాట. కట్టు వదులుగా ఉంటే కీలు నిలవదు, బిగుతుగా ఉంటే వాపు, నొప్పి, చర్మం చీము పట్టడం వస్తాయి, కాబట్టి మధ్యస్థంగా కట్టాలి అని. అంతేకాదు, చలికాలంలో 7 రోజులకు, సమశీతోష్ణంలో 5 రోజులకు, ఎండాకాలంలో 3 రోజులకు కట్టు విప్పి మార్చాలని కూడా. ఏప్రిల్, మే నెలల్లో మన సీమ ఎండ ఎట్లా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఆ ఎండల్లో కట్టిన కట్టు నెలరోజులు విప్పకుండా ఉంచేవాళ్ళను నేను చూశాను.

ఇక్కడ నా విమర్శ మనవాళ్ళ మీదికి మళ్ళుతుంది. ఈ పదిహేనేళ్ళలో ఆదివాసీ వైద్యం మీద మనం రాసుకున్న వ్యాసాలు చాలావరకు ఒకే రాగం తీస్తాయి. అడివి తల్లి, మూలికలు, తాతల జ్ఞానం, పెద్దాసుపత్రి దోపిడీ. మనల్ని తక్కువ చేసినవాళ్ళకు జవాబు చెప్పాలనే ఆరాటం అందులో ఉంది, అది నాకు అర్థమవుతుంది. కానీ ఆ వ్యాసాల్లో ఒక్కదానిలోనూ కట్టు చెడిపోయిన చెయ్యి కనపడదు. చెడిపోయిన చేతులు గూడెంలో ఉన్నాయి, కాగితం మీద లేవు.

నేను పాఠం చెప్పిన ఒక పిల్లవాడు ఆరో తరగతిలో చింతచెట్టు మీదనుంచి పడ్డాడు. మోచేతి పైన ఎముక విరిగింది. ప్రేమకొద్దీ గట్టిగా కట్టారు. రాత్రంతా ఏడ్చాడు, "ఎముక నొప్పి అట్లే ఉంటాది నాయనా" అని ఊరుకోబెట్టారు. తెల్లవారేసరికి వేళ్ళు చల్లబడి, మొద్దుబారి ఉన్నాయి. మూడో రోజు కట్టు విప్పారు. ఎముక బాగానే అతుక్కుంది. వేళ్ళు మాత్రం లోపలికి ముడుచుకుపోయి అట్లే ఉండిపోయాయి. ఇప్పుడు వాడు ఎడమ చేత్తో రాస్తాడు. 1881లోనే రిచర్డ్ ఫోన్ ఫోక్‌మన్ అనే జర్మన్ వైద్యుడు బిగుతు కట్ల వల్ల వచ్చే ఈ ముడతను వివరించి రాశాడు. అంటే అది మన గూడెంలో మాత్రమే జరిగే తప్పు కాదు, ఆనాటి యూరప్ ఆసుపత్రుల్లోనూ జరిగింది. లోపల కండరానికి నెత్తురు అందకపోతే కొద్ది గంటల్లోనే అది చావడం మొదలవుతుంది. కట్టు కట్టాక నొప్పి తగ్గాలి. పెరుగుతూ పోతే, వేలు చాపితే ప్రాణం పోయేంత నొప్పి ఉంటే, గోరు నొక్కి వదిలితే ఎరుపు తిరిగి రాకపోతే, అప్పటికప్పుడు కట్టు కోసెయ్యాలి, ఆసుపత్రికి బయలుదేరాలి. ఈ నాలుగు వాక్యాలు మన వ్యాసాల్లో ఎక్కడైనా ఉంటే ఆ చెయ్యి దక్కేదేమో.

కట్టుతో ఏది మానుతుంది, ఏది మానదు అనే గీత కూడా మనం గీసుకోలేదు. గూడ ఎముక, పక్కకు జరగకుండా విరిగిన పిల్లల ముంజేతి ఎముక చాలాసార్లు కదలకుండా ఉంచితే చాలు, కత్తి అవసరం ఉండదు. ఆసుపత్రిలో వేసే పిండికట్టు కూడా చేసేది అదే పని. దాన్ని 1850ల మొదట్లో ఆంటోనియస్ మాథైసెన్ అనే డచ్చి సైనిక వైద్యుడు వాడుకలోకి తెచ్చాడు. తొడ ఎముక సంగతి వేరు. అది విరిగితే లోపల్లోపలే లీటరుకు పైగా నెత్తురు పోవచ్చు, బయటికి చుక్క కనపడదు. ముసలివాళ్ళకు తుంటి దగ్గర విరిగితే ఏ పసరూ దాన్ని చేర్చదు, ఆపరేషను చేయాలి. చర్మం చీల్చుకుని ఎముక బయటికి వస్తే మొదట శుభ్రమైన నీళ్ళతో కడిగి, శుభ్రమైన గుడ్డ కప్పి పరుగెత్తాలి. బూడిద, పేడ, పసుపు, నూనె ఏదీ పెట్టకూడదు. తేనె కోసం కొండచరియలో తాడు మీద దిగేవాళ్ళం మనం, పైన తాడు పట్టుకునేది బామ్మర్ది. బేతంచెర్ల, కొలిమిగుండ్ల నాపరాయి గనుల్లో బండల కింద పనిచేసేవాళ్ళలోనూ మన సుగాలి, ఎరుకల, యానాది అన్నదమ్ములున్నారు. పై నుంచి పడడం, రాయి పడడం, ఈ రెండూ మామూలు విరుపులు తెచ్చిపెట్టవు.

"గిరిజనులు మూఢనమ్మకంతో ఆలస్యంగా వస్తారు" అనే వాక్యం కూడా నాకు అంతే ఎలర్జీ. అవగాహన సదస్సుల్లో, కరపత్రాల్లో ఈ వాక్యం లేకుండా పేజీ ముగియదు. ఆలస్యం అనేది నమ్మకం వల్లనే వస్తుందని ఎవరు తేల్చారు? పెచ్చెరువు లాంటి గూడెం పులుల అభయారణ్యం నడిమధ్యన ఉంది. విరిగిన కాలితో మనిషిని మంచం మీద వేసుకుని మోసుకొచ్చేవాళ్ళకు నమ్మకం ఒక్కటే అడ్డమా? కర్నూలు వైద్య కళాశాల 1956లో వచ్చింది, కడపలో రిమ్స్ 2006లో. ఈ మధ్య యాభై ఏళ్ళు మన ఎముకలు చాలామట్టుకు కర్నూలు పెద్దాసుపత్రి మంచాల మీదనే అతుక్కున్నాయి, లేదా గూడెంలో వెదురు దబ్బల మధ్య అతుక్కున్నాయి. ఆ యాభై ఏళ్ళు కట్టుకట్టే ముసలాయన లేకపోతే మనవాళ్ళకు వైద్యుడే లేడు. ఆయన్ని తిట్టే కరపత్రంలో ఆ లెక్క కూడా రాయాలి.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ దూరదేశంలో ఉంది. ఇంగ్లండు లివర్‌పూల్‌లో ఇవాన్ థామస్ అనే కట్టువైద్యుడు ఉండేవాడు. వేల్స్ ప్రాంతంలోని ఆంగ్లెసీ దీవి నుంచి వచ్చినవాడు, తరాలుగా ఎముకలు కట్టే ఇంటివాడు. డిగ్రీ లేదని అక్కడి డాక్టర్లు ఆయన్ని కోర్టులకు తిప్పారు. ఆయన చేసిన పని ఏమిటంటే తన కొడుకులను వైద్య విద్యకు పంపడం. వారిలో 1834లో పుట్టిన హ్యూ ఓవెన్ థామస్ ఎడింబరోలో చదివి, తండ్రి చేతి విద్యనూ కాలేజీ చదువునూ కలిపాడు. తొడ ఎముక విరిగినప్పుడు కాలిని నిటారుగా లాగి పట్టే ఇనుప చట్రం ఆయన పేరుమీదనే ఉంది, థామస్ స్ప్లింట్. ఆయన భార్య తరఫు మేనల్లుడు రాబర్ట్ జోన్స్ దాన్ని మొదటి ప్రపంచ యుద్ధంలో వాడించాడు. తొడ విరిగిన సైనికుల చావులు బాగా తగ్గాయి. పుత్తూరు కథలో కుందేలు లేచి పరుగెత్తింది. ఈ కథలో కట్టువాడి కొడుకు కాలేజీకి వెళ్ళాడు. నాకు రెండోదే మేలైన కథ. ఎందుకంటే ఇందులో జ్ఞానం ఆకు మూటలో ఆగిపోలేదు, చేతులు మారింది, తప్పులు దిద్దుకుంది.

ఎముకను తిరిగి కట్టుకోవడంలో పెద్ద మలుపు కూడా నగరంలో రాలేదు. సైబీరియాలో కుర్గాన్ ప్రాంతపు పల్లెల్లో వైద్యం మొదలుపెట్టిన గవ్రీల్ ఇలిజరోవ్ 1951లో ఒక పరికరం తయారుచేశాడు. కాలి చుట్టూ ఇనుప వలయాలు, సైకిలు చక్రం పుల్లల్లాంటి సన్నని తీగలు ఎముకలోంచి దూరి వలయాలకు బిగుస్తాయి. ఎముకను కోసి, ఆ సందును రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున జరుపుతూ పోతే మధ్యలో కొత్త ఎముక పుడుతుంది. ముక్క పోయిన చోట ముక్క పెంచుకోవచ్చు, పొట్టి కాలు పొడుగు చేసుకోవచ్చు. ఎత్తు దూకడంలో ప్రపంచ రికార్డు ఉన్న వలేరీ బ్రూమెల్ 1965లో మోటారుసైకిలు ప్రమాదంలో కాలు నుజ్జు చేసుకుని, ఎన్నో ఆపరేషన్ల తర్వాత 1968లో ఇలిజరోవ్ దగ్గరికి చేరాడు, మళ్ళీ దూకాడు.

మా మండలంలో రాయి పడి కాలు చితికిన ఒకాయనకు ఆ వలయాలే వేశారు. కాలు దక్కింది. కానీ తొమ్మిది నెలలు ఆ ఇనుముతో ఆయన గూడెంలో ఉన్నాడు. ప్రతిరోజూ తీగలు చర్మంలోకి పోయే చోట శుభ్రం చేయాలి, మరలు తిప్పాలి, నెలకోసారి ఫోటో తీయించుకోవాలి. నీళ్ళు దూరం, బస్సు దూరం, కూలి లేదు. "సూదులు కాదు సార్, దారి ఖర్చే పొడిచింది" అన్నాడు. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైనాక పేదవాడికి ఇటువంటి ఆపరేషను అందుబాటులోకి వచ్చింది, అది చిన్న సంగతి కాదు. (ఆ పథకం పేరు ఇప్పటికి మూడుసార్లు మారింది, కార్డు మార్చుకోవడానికి పోయిన కూలి ఎవరూ లెక్కపెట్టరు.) ఆపరేషను తర్వాత ఇంట్లో కూర్చునే రోజులకు రోజుకు 225 రూపాయలు, నెలకు 5000 మించకుండా ఇచ్చే పద్ధతి 2019 డిసెంబరులో పెట్టారు. ఆలోచన మంచిదే. ఎముక మానేది బల్ల మీద కాదు, ఇంట్లో అని ప్రభుత్వం ఒప్పుకున్న సందర్భం అది. కానీ గూడేనికి వచ్చి తీగల దగ్గర చీము పట్టిందా అని చూసే నర్సు లేకపోతే డబ్బు సగం పనే చేస్తుంది. ఆ సగంలోనే చాలామంది మళ్ళీ కట్టువాడి దగ్గరికి పోతారు. దాన్ని మూఢనమ్మకం అని రాసేస్తారు.

బడి పాఠం సంగతి ఒక్క మాట. బంతి గిన్నె కీలు, మడత బందు కీలు, బొంగరపు కీలు, జారెడు కీలు అని పిల్లలు గడగడా చెబుతారు. మనిషికి 206 ఎముకలని చెబుతారు. చెట్టుమీంచి పడినవాణ్ణి ఎట్లా ఎత్తాలి అంటే దిక్కులు చూస్తారు. విరిగిన చోటికి పైన, కింద ఉన్న రెండు కీళ్ళూ కదలకుండా కర్రగానీ అట్టగానీ పెట్టి కట్టాలనేది మా అబ్బకూ తెలుసు, డాక్టరుకూ తెలుసు, పుస్తకంలో ఆ కీళ్ళ పాఠం పక్కనే రాయడానికి చోటు లేకపోయింది.

నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023 సెప్టెంబరులో తెరిచారు. మా నల్లమల గూడేలకు ఇంత దగ్గరలో ప్రభుత్వ వైద్య కళాశాల అంతకుముందు లేదు. కన్వీనరు కోటా సీట్లలో 6 శాతం ఎస్టీలవి. ఆ సీటులో మన కట్టువాళ్ళ ఇంటి బిడ్డ కూర్చోవాలంటే పదో తరగతి తర్వాత బైపీసీ తీసుకోవాలి. మా బడినుంచి వెళ్ళిన ఆడపిల్లల్లో ఎవరు ఏ గ్రూపు తీసుకున్నారో నేను నోటుపుస్తకంలో రాసి పెట్టుకుంటాను. ఈ ఏడు బైపీసీ అన్న గడిలో రెండు పేర్లున్నాయి. అందులో ఒకమ్మాయి వాళ్ళ తాత ఇప్పటికీ దబ్బలు చీలుస్తాడు.