ఫ్యూజు కాపాడేది దేనిని?

జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి (ఎన్.సి.ఇ.ఆర్.టి.) వారి పదవ తరగతి విజ్ఞానశాస్త్ర గ్రంథంలో గృహ విద్యుద్వలయాలను గురించిన పాఠం చిన్నదే అయినా చక్కగా వ్రాయబడినది. ఇండ్లలో 15 ఆంపియర్ల వలయం ఒకటి, 5 ఆంపియర్ల వలయం ఒకటి వేరువేరుగా ఉంటాయని అందులో చెప్పారు. బొమ్మలో మెయిన్ స్విచ్చి తరువాత ఒక్కొక్క వలయానికి ఒక్కొక్క ఫ్యూజును చూపించారు. బొమ్మ మెచ్చుకోదగినది. అయితే అన్ని ఫ్యూజులు ఎందుకు? మొదట ఉన్న ఒక్కటి చాలదా? తెలివైన విద్యార్థి ఈ ప్రశ్న వేస్తే పాఠంలో సమాధానం దొరకదు. ఫ్యూజు ఉపకరణాన్ని, వలయాన్ని రక్షిస్తుందని మాత్రమే అక్కడ ఉన్నది. అది అసత్యం కాదు. కాని ఫ్యూజు ముఖ్యంగా కాపాడేది తీగను అన్న సంగతి ఇందులో మరుగున పడిపోయింది.

ఈ లోపం అనంతపురం పీఠభూమిలో చిన్నది కాదు. వానలు తక్కువైన ఆ సీమలో సేద్యం చాలవరకు బోరుబావుల మీద, విద్యుత్ మోటారుల మీద ఆధారపడి ఉన్నది. 5 అశ్వశక్తుల మూడు ఫేజుల మోటారు నడిచేటప్పుడు తీసుకొనేది సుమారు 7, 8 ఆంపియర్లు. బయలుదేరేటప్పుడు కొద్ది క్షణాలపాటు దానికి ఆరింతలు. ఆ తాకిడికి ఓర్చుకోవాలి కనుక దాని ఫ్యూజు పెద్దదిగా ఉంటుంది. ఒక పెట్టెలో 30 ఆంపియర్ల ఫ్యూజు ఉన్నదనుకొందాం. దాని తరువాత వచ్చే లావు తీగ నుండి పశువుల పాకలో దీపానికని 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను అతికించారనుకొందాం. దీపం తీసుకొనేది స్వల్పమే. కాని రేపు అదే తీగకు ఇంకొక చిన్న మోటారును తగిలించరని ఎవరు చెప్పగలరు?

ఆ తీగకు మీటరుకు నిరోధం సుమారు 0.0115 ఓము. 10 ఆంపియర్లు ప్రవహిస్తే మీటరుకు 1.15 వాట్ల వేడి పుడుతుంది. 30 ఆంపియర్లు ప్రవహిస్తే పుట్టేది 10 వాట్లకు పైగా, అంటే తొమ్మిదింతలు. తీగ తొడుగు మెత్తబడి కాలుతూ ఉంటే 30 ఆంపియర్ల ఫ్యూజు మాత్రం నిశ్చింతగా కూర్చొని ఉంటుంది. దాని లెక్కలో తప్పేమీ జరగలేదు. పాకలో వేరుశెనగ కట్టె వామి వేసి ఉంటే తరువాతి సంగతి చెప్పనక్కరలేదు.

అందుచేతనే తీగ ఎక్కడ సన్నబడుతుందో అక్కడ దానికి తగిన ఫ్యూజు ఉండాలన్నది మూలసూత్రం. 1956 నాటి భారత విద్యుత్ నియమాలు ప్రతి ప్రత్యేక వలయానికీ కట్-అవుట్ కోరింది ఇందుకే. కాని అతుకు పెట్టినచోటనే ఫ్యూజు పెట్టడం అన్నివేళలా వీలుపడదు. అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం 60364 ప్రమాణం 3 మీటర్లలోపు దూరాన్ని అనుమతిస్తుంది. అయితే ఆ నడుమ వేరే శాఖ ఉండరాదు, దగ్గర మండే పదార్థం ఉండరాదు. అమెరికా వారి నియమావళి 10 అడుగులు, 25 అడుగులు అని రెండు కొలతలు చెబుతుంది. 25 అడుగుల శాఖ తీగకు ప్రధాన ఫ్యూజులో కనీసం మూడవ వంతు ప్రవాహాన్ని మోసే శక్తి ఉండాలి, చివర ఒకే ఫ్యూజులో ముగియాలి, దెబ్బ తగలకుండా రక్షణ ఉండాలి.

ఫ్యూజు చివర ఉంటే తీగకు రక్షణ ఎట్లా కలుగుతుంది? శ్రేణిలో ప్రవాహం అంతటా సమానమని విద్యార్థి ఎరుగును. కనుక అధిక భారాన్ని చివరి ఫ్యూజు కూడ అంతే బాగా పసిగడుతుంది. అది పసిగట్టలేనిది ఒక్కటే: ఆ తీగ నడుమనే రెండు పోగులు తగులుకోవడం. అప్పుడు ప్రవాహం చివరిదాకా రానే రాదు. దానికి దిక్కు వెనుకనున్న పెద్ద ఫ్యూజే. తీగ పూర్తిగా కరిగేలోగా అది తెగాలి; మూడవ వంతు షరతు ఇందుకే. దూరాన్ని కుదించడం అట్టి ప్రమాదానికి అవకాశాన్ని తగ్గించడానికే. ఈ నియమాల గ్రంథాలు అంకెలను ముందుకు తెచ్చి, వాటి వెనుక ఉన్న ఈ చక్కని ఆలోచనను పాఠకుని ఊహకు వదిలివేస్తాయి. అంకె కంఠస్థమైనవాడు 3 మీటర్లు కొలిచి, పక్కనున్న గడ్డివామిని మరచిపోతాడు.

పాఠంలో మరొకచోట కూడ జాగ్రత్త అవసరం. భూతీగ తక్కువ నిరోధం గల మార్గాన్ని ఇస్తుందని అందులో ఉన్నది. తీగ విషయంలో అది నిజమే. మట్టి మాట ఏమిటి? తేమలేని రాతినేలలో పాతిన ఎర్తు గుంతకు నిరోధం 20 ఓములు ఉన్నదనుకొందాం. 230 వోల్టుల ఫేజు తీగ స్టార్టరు పెట్టెకు తగిలితే భూమిలోకి పోయేది 11.5 ఆంపియర్లకు మించదు. 30 ఆంపియర్ల ఫ్యూజు కదలదు. పెట్టె మీద ప్రాణాంతకమైన వోల్టేజి అట్లాగే నిలిచి ఉంటుంది. ఉప్పు, బొగ్గు వేసి నీరు పోసి నిరోధాన్ని 5 ఓములకు దించినా వచ్చేది 46 ఆంపియర్లే. దానికి కూడ ఆ ఫ్యూజు వెంటనే తెగదు. పోయిన ప్రవాహాన్ని, తిరిగివచ్చిన ప్రవాహాన్ని పోల్చి, 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే తెగే లీకేజి బ్రేకరు అక్కడ అవసరమవుతుంది. పాఠంలో దాని ప్రస్తావన లేదు.