నేర్పిన పాఠము, నేర్పని అలవాటు
బ్రయన్ కెర్నిహన్, డెనిస్ రిచీ రచించిన ‘ది సీ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్’ 1978లో వెలువడినది. రెండవ కూర్పు 1988లో వచ్చినది. ప్రోగ్రాములు వ్రాయ నేర్చువారికి దీని మొదటి అధ్యాయము మంచి గురువు. ఫారన్‌హీటు డిగ్రీలను సెల్సియసులోనికి మార్చు లెక్కను మొదట పూర్ణాంకములతో చేయింతురు. 0 డిగ్రీలకు -17 వచ్చును. దశాంశములతో చేసినచో -17.8 అగును. పిదప ఆ సూత్రమునే ఫంక్షనుగా విడదీయుమని ఒక అభ్యాసమిత్తురు. సూత్రము ఒక్కచోటనే యున్నచో తప్పును ఒక్కచోట దిద్దిన చాలును గదా!

కాని ఒక లోపము కలదు. విద్యార్థి పాతదానిని చెరిపి క్రొత్తది వ్రాయును. -17 ఎట్లు -17.8 అయినదో తెలుపు సాక్ష్యము మిగులదు. మార్పులను వరుసగా భద్రపరచు ఎస్‌సీసీఎస్ అను సాధనము గ్రంథకర్తలు పనిచేసిన బెల్ ప్రయోగశాలలలోనే 1972లో పుట్టినది. అయినను ఆ అలవాటును గ్రంథము నేర్పదు.

ఈ కొరతను చదువరియే తీర్చుకొనవచ్చును. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో ఆరంభించిన గిట్ ఉచితముగా లభించుచున్నది. ప్రతి రూపమును అందు భద్రపరచి, మార్పునకు కారణము ఒక వాక్యమున వ్రాసికొనవలెను. కొలత తప్పినను కొట్టివేయుడేగాని చెరపరాదని భౌతికశాస్త్ర ప్రయోగశాలలో బోధించు మనము, ప్రోగ్రాము చివరి రూపమునకు మాత్రమే మార్కులు వేయుట న్యాయమా?