కమాను కట్ట కత్తియైన విధము

లారీ క్రింద నేండ్లతరబడి బరువు మోసి, విఱిగి, పాతయినుప కొట్టులో తుప్పుపట్టి పడియున్న కమాను కట్టను తూకమునకు కొనితెచ్చి, దానినుండి కొబ్బరిబొండముల కత్తినో, కూరలు తఱుగు కత్తిపీటనో వెలికిదీయు పల్లె కమ్మరి ప్రజ్ఞ సామాన్యమైనది కాదు. ఆ యుక్కునందు సుమారు 0.6 శాతము కర్బనముండుటచేత నది పదును పట్టుటకును, దెబ్బ కోర్చుటకును సమర్థమగుచున్నది. అరిగిన ఆకురాయిలో కర్బనము 1 శాతమునకు మించుటవలన వాడి మిక్కుటమైనను పెళుసుదనమును మిక్కుటమే. ఈ శాస్త్రమును కమ్మరి యంకెలవలన గాక, సానపై లేచు రవ్వలవలన నెఱుగును.

కొలిమిలో నెఱ్ఱబాఱిన లోహమును పట్టకారుతో దాగలిపై నిలిపి, సమ్మెటతో సాగగొట్టి వాలు తీర్చిన పిమ్మట, మరల కాల్చి, అంచును మాత్రము చుఱ్ఱున నీట ముంచి వెలికిదీసి, వెన్నునందు మిగిలిన వేడి మెల్లమెల్లగా నంచునకు ప్రాకి యెండుగడ్డి వన్నె తోచు క్షణమును కనిపెట్టి, తక్షణమే మరల ముంచుటలో నతని విద్య యంతయు నున్నది; ఆ వన్నె దాటి నీలిమకు దిరిగెనా, అంచు మెత్తబడును; అంతకు మునుపే ముంచెనా, ఎముక తగిలినంతనే పెచ్చులూడును.

నిజామాబాదు సీమలోని కోనసముద్రమున మూసలలో నుక్కు వండి పారసీక వర్తకుల కమ్మిన కమ్మరులుండిన దేశమిది. నేడు వండుట యడుగంటినను, ఉక్కు గుణమెఱిగిన చేయి మిగిలియున్నది. అంగడి కత్తి మొండివాఱిన మూలబడును. ఈ కత్తికి మాత్రము, చేసినవానికడకే పోయి పదును పెట్టించుకొను భాగ్యము గలదు.